చేప పట్టనివారికి మాత్రమే

మా కమిషనర్ తటవర్తి అనంతపద్మనాభం గారు మూడు రోజుల శిక్షణకి ఏదో కొండ ప్రాంతానికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మనిషి మారిపోయారు. అక్కడ 'పాలనలో ప్రశాంతత' అన్న విషయం మీద ఉపన్యాసాలు ఇప్పించారట. ఆ ఉపన్యాసాలు ఆయనకి గుర్తులేవు. కాని రెండో రోజు సాయంత్రం అందరినీ ఒక చెరువు గట్టున కూర్చోబెట్టి, తలా ఒక గాలం చేతికిచ్చారట. నలభై నిమిషాలు కూర్చున్నారు. ఒక్క చేపా పడలేదు. ఆ నలభై నిమిషాల్లో ఒక్క ఫోనూ రాలేదు. అక్కడ అసలు సిగ్నలే లేదని పక్కనున్నాయన చెప్పబోయినా మా కమిషనర్ గారు వినిపించుకోలేదు. అదంతా గాలం మహిమేనని నిశ్చయించుకుని నీలాటిపూడి తిరిగొచ్చారు.

వచ్చిన మర్నాడే పథకం పుట్టింది. పేరు 'ప్రశాంత గట్టు'. ఊళ్ళో ఇంతవరకు గాలం ముట్టని రెండు వందల మందిని ఎంపిక చేసి, కొత్తవాళ్ళకి పనికొచ్చే గాలం సామాను అందుబాటు ధరలో కొని, వాళ్ళకిచ్చి, ఊరి మధ్యగా పోయే కాలవ గట్టున కూర్చోబెట్టాలి. వాళ్ళు ప్రశాంతంగా ఉంటే ఊరు ప్రశాంతంగా ఉంటుంది. ఊరు ప్రశాంతంగా ఉంటే ఫిర్యాదులు తగ్గుతాయి. కాగితం మీద ఇందులో ఎక్కడా లోపం కనిపించదు.

ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. మున్సిపాలిటీలో నేను చూసే సెక్షన్ పేరు 'ఇతరములు'. కుక్కలు, కోతులు, విగ్రహాల ముసుగులు, ఇలా ఎవరి కిందికీ రానివన్నీ నా కిందికి వస్తాయి. ప్రశాంతత కూడా అలాగే వచ్చింది.

నేను పుట్టింది కాలవ పక్కనే అయినా ఎప్పుడూ గాలం పట్టలేదు. ఏం కొనాలో తెలియలేదు. లాకుల దగ్గర గట్టు మీద కొల్లాటి నూకరత్నం అని ఒకామె పాతికేళ్ళుగా గాలాలు అమ్ముతోందని అటెండరు చెబితే, ఆ సాయంత్రం వెళ్ళాను. గోనె పరుచుకుని, ముందు వెదురు కర్రల కట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. ఒక రేకు డబ్బాలో గాలపు ముళ్ళు, ఇంకో దాంట్లో సీసం గుళ్ళు, వేలికి చుట్టుకున్న తంగూసు దారం. దుకాణమంటే అంతే.

రెండు వందల మందికి ఏ సామాను అయితే బావుంటుందని అడిగాను. ఆమె ముడి వేస్తున్న దారం మీంచి చూపు ఎత్తకుండా, "అందరూ ఒకేలాటోళ్ళేనాండీ?" అంది.

ఆ విషయం ఫైల్లో లేదని చెప్పాను.

"మరి మనిషిని సూడకుండా కర్ర ఎలా ఇత్తామండీ?" అని, నా చెయ్యి ముందుకి పెట్టమంది. మణికట్టు పట్టుకుని చూసింది. తలెత్తి నా ఎత్తు చూసింది. కట్టలోంచి నాకంటే రెండు మూరలు పొడుగున్న కర్ర తీసి, దాన్ని నిలబెట్టి ఎంత ఉందో అంత దారమే కొలిచి కట్టింది. చిన్న ముల్లు, దానికి జానెడు పైన చిన్న సీసం గుండు, ఆ పైన నీటి మీద తేలే బెండు. కొత్తగా వచ్చేవాళ్ళందరూ పెద్ద కర్ర, పెద్ద ముల్లు అడుగుతారట. పెద్ద కర్రయితే గంటలో చెయ్యి నొప్పి పుట్టి ఇంటికి పోతారు. పెద్ద ముల్లయితే చేప ఎర తినేసి పోతుంది. చిన్న చేప ఒకటి పడితేనే మనిషి రేపు మళ్ళీ వస్తాడు. ఇదంతా ఆమె ముడులు వేస్తూనే చెప్పింది. మొత్తం అరవై రూపాయలు. ఎరకి ఎర్రలు, అంటే వానపాములు, ఊరికే ఇచ్చింది. నా నీడ నీళ్ళ మీద పడే చోట కూర్చోవద్దనీ, బెండు ఊగితే కాదు, మునిగితే లాగమనీ చెప్పింది.

పావుగంట కూర్చున్నాను. బెండు మునిగింది. లాగాను. వేలెడంత చేదుపరిగె చేప గాల్లో తళతళలాడుతూ వచ్చి నా చొక్కాకి కొట్టుకుంది. నలభై ఆరేళ్ళ వయసులో, ఇరవై ఏళ్ళ సర్వీసులో, నేను చేసిన పనికి అంత త్వరగా ఫలితం కనిపించడం అదే మొదటిసారి. దాన్ని నీళ్ళలో వదిలేసి ఇంటికి వెళ్ళి నోటు రాశాను. 'కొల్లాటి నూకరత్నం వద్ద, ఆమె మనిషిని చూసి ఎంపిక చేసిన విధముగా, రెండు వందల గాలములు కొనవచ్చును.' ఒక్క పేజీ.

అదే నేను చేసిన పొరపాటు. మా ఆఫీసులో ఒక్క పేజీతో తేలిపోయే సంగతిని ఎవరూ నమ్మరు.

కమిషనర్ గారు ఆ పేజీని వెనక్కి తిప్పి చూశారు, అటువైపు ఏమైనా ఉందేమోనని. తర్వాత కళ్ళజోడు తీసి, "అరవై రూపాయల కర్రతో ప్రశాంతత వచ్చేస్తే ఇక మనమెందుకు భద్రం గారూ?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే బాధపడ్డారు.

కాబట్టి ఉపసంఘం వేశారు. దాని పేరు 'ప్రారంభక గట్టువాసి మత్స్యవినోద పరికర ఎంపిక ఉపసంఘం'. కమిషనర్ గారు అధ్యక్షులు. ఇంజనీరు గొట్టుముక్కల నరేంద్రవర్మ గారు, ఆరోగ్యాధికారి డాక్టర్ హైమావతి గారు సభ్యులు. పసుపులేటి భద్రం అనే నేను కన్వీనరుని, అంటే టీ చెప్పేవాణ్ణి, మినిట్స్ రాసేవాణ్ణి.

మొదటి సమావేశం 'అందుబాటు ధర' అంటే ఏమిటన్న దాని మీద జరిగింది. వర్మ గారు లెక్క కట్టి తెచ్చారు. వెదురు కర్ర ఆయుర్దాయం ఆరు నెలలు. తను ఎంపిక చేసిన కార్బన్ కర్ర నలభై ఏళ్ళు మన్నుతుంది. దాని ధరని నలభై ఏళ్ళలో ఉన్న రోజులతో భాగిస్తే రోజుకి పడేది ముప్పై పైసలే. వెదురు కర్రకి రోజుకి ముప్పై మూడు పైసలు. కాబట్టి నాలుగు వేల నాలుగు వందల రూపాయల కర్ర అరవై రూపాయల కర్ర కంటే చవక. డాక్టరు గారు, లబ్ధిదారుల గరిష్ఠ వయసు డెబ్భై అని పెట్టుకున్నాం కదా, అలాంటివాళ్ళు నూట పదేళ్ళ దాకా గాలం వేస్తారా అని అడిగారు. వర్మ గారు వారసులున్నారు కదా అన్నారు. మినిట్స్‌లో 'పరికరము వంశపారంపర్యముగా అందుబాటులో నుండును' అని రాసుకున్నాను.

కర్రకి చక్రం కూడా ఉండాలన్నారు. దారం చుట్టుకోవడానికి చక్రం. కుడిచేతివాటం వాళ్ళకీ ఎడమచేతివాటం వాళ్ళకీ తేడా చూపకూడదని రెండు వైపులా పిడి పెట్టించారు. దానితో ఎవరు తిప్పినా ఇంకో పిడి మోచేతికి తగిలేది. అది తరవాత తెలిసింది.

రెండో సమావేశం డాక్టరు గారిది. ఆవిడ మంచి మనిషి, నెమ్మదస్తురాలు. గాలపు ముల్లుని కాగితం మీద పెట్టి భూతద్దంతో చూసి, దీనికి మొన ఉందన్నారు. ఉండాలి కదండీ అన్నాను. మున్సిపాలిటీ తన చేత్తో రెండు వందల మందికి మొన ఉన్న వస్తువులు పంచిపెడితే రేపు జరిగేదానికి ఎవరిది పూచీ అని ఆవిడ అడిగారు. ముల్లు మొన అరగదీసి, దాని మీద చిన్న రబ్బరు తొడుగు వేయించాలని తీర్మానించారు. ఆ తర్వాత ఎర. మట్టిలో వానపాములు తవ్వడం వల్ల గోళ్ళలో చేరే క్రిముల పేర్లు ఆవిడ ఆరు చెప్పారు. పైగా శాకాహారులైన లబ్ధిదారుల మనోభావాలు కూడా ఉన్నాయి. అందుకని రబ్బరు ఎర్ర. రంగు విషయంలో గంటసేపు చర్చించి, పథకం బ్యానరుకి సరిపోయేలా లేత ఆకుపచ్చ ఖాయం చేశారు.

మూడో సమావేశం నాటికి కాలవల శాఖ నుంచి జవాబు వచ్చింది. గట్టు మీద కూర్చోవడానికి అనుమతి అడిగాం మేము. వాళ్ళు రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'గట్టుపై ఆసీనులగుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు. జలముతో సంపర్కము విషయమై వేరుగా దరఖాస్తు చేసుకొనవలెను.' దరఖాస్తు చేశాం. దానికి కనీసం ఏడాది పడుతుందని తెలిసింది. పథకం మాత్రం వచ్చే నెలలోనే ప్రారంభం. వర్మ గారు టేపు పట్టుకుని స్వయంగా గట్టుకి వెళ్ళి, దారం నీటికి ఒక మూర పైనే ఆగేటట్టు పొడవు నిర్ణయించి వచ్చారు.

దారం నీళ్ళలో పడకపోతే గాలం ఎలా వేస్తారని నేను అడిగాను. కమిషనర్ గారు నా వంక దయగా చూశారు. "మనం చేపల శాఖ కాదు భద్రం గారూ. మనం ప్రశాంతత వరకే."

నాలుగో సమావేశంలో 'ప్రారంభకుడు' ఎవరో తేల్చారు. ఇంతవరకు ఒక్క చేపనైనా పట్టనివాడు ప్రారంభకుడు. పట్టినవాడు కాడు. ఇంత సూటిగా మా ఆఫీసులో ఏ నిర్వచనమూ రాలేదు. ఆ లెక్కన నేను కన్వీనరుగా ఉన్నా ప్రారంభకుణ్ణి కానని నాకొక్కడికే తెలుసు. చెప్పలేదు. ఇక దరఖాస్తుదారులు జీవితంలో చేప పట్టలేదని ధ్రువపత్రం తేవాలి. అది ఎవరిస్తారు? ఒకడు చేప పట్టాడంటే చూసినవాడు చెప్పగలడు. పట్టలేదంటే ఎవరు చెప్పగలరు? చివరికి ఇరుగుపొరుగు ఇద్దరు సాక్షి సంతకం పెడితే చాలన్నారు.

మొదటి దరఖాస్తు గెడ్డం ఏసుపాదం గారిది. ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి మూడేళ్ళు. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు ఇంకా బస్సులో ఉన్నట్టే ఊగుతున్నాయనీ, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని ఒక చోట కూర్చునే పని ఉంటే బాగుండుననీ నాతో చెప్పారు. దరఖాస్తులో 'కారణము' అన్న గడిలో కూడా అదే రాశారు. తక్కిన నూట తొంభై తొమ్మిది మందీ గాలంతో పాటు టోపీ ఉచితమని తెలిశాక వచ్చారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రెండు వందల మంది ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని గట్టు పొడుగునా కూర్చున్నారు. రెండు వందల కార్బన్ కర్రలు కాలవ మీదికి చాచి ఉన్నాయి. రెండు వందల రబ్బరు ఎర్రలు నీటికి మూరెడు పైన గాలికి ఊగుతున్నాయి. వాటిని చూడ్డానికి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. కమిషనర్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. విలేకరులు ఏమైనా పడ్డాయా అని అడిగితే, "ఒత్తిడి పడిపోయింది" అన్నారు. మర్నాడు పేపర్లో అది పెద్దక్షరాలతో వేశారు.

నాలుగు రోజులు పోయాక జనం పలచబడ్డారు. ఉన్నవాళ్ళలో కొందరు మా కర్ర గట్టున పెట్టేసి, లాకుల దాకా నడిచి, నూకరత్నం దగ్గర వెదురు కర్ర కొనుక్కుని నిజంగానే చేపలు పట్టడం మొదలుపెట్టారు. ఆమె ఒక్కొక్కరి చెయ్యీ పట్టి చూసి కర్ర ఇచ్చేది. ఈ సంగతి ఉపసంఘానికి చేరింది. రోజుకి ఇద్దరు ముగ్గురు లబ్ధిదారులు చేపలు పట్టి ప్రారంభకులు కాకుండా పోతున్నారు, ఇలాగైతే మూడు నెలల్లో పథకానికి మనుషులే మిగలరు అని వర్మ గారు లెక్క వేసి చూపించారు. ఆమోదం లేని పరికరాలను మున్సిపల్ గట్టు మీద అమ్మరాదని నోటీసు ఇవ్వాలన్నారు.

ఆ నోటీసు రాసింది నేను. తీసుకెళ్ళి ఇచ్చింది కూడా నేనే. ఆమెకి చదువు రాదు, చదివి వినిపించమంది. వినిపించాను. అందులో 'పరికర ప్రమాణములు', 'అనధికార విక్రయము' లాంటి మాటలు చాలా ఉన్నాయి. ఆమె ఆఖరి దాకా వింది.

"చేపలు పడే గేలాలు అమ్మకూడదనాండీ రాశారు?"

ఆ మాట అంత తేటగా ఎవరైనా అంటే వినడం అదే మొదలు. అవునన్నాను. నా మీద కోప్పడుతుందనుకున్నాను, ఆ రోజు నాకు అదే నయంగా ఉండేది. ఆమె మాత్రం కర్రలు కట్ట కట్టి, డబ్బాలు గోనెలో చుట్టుకుని, "పాతికేళ్ళండి ఇక్కడ" అని మాత్రం అంది. కర్రల కట్ట నేను మోస్తానంటే ఒప్పుకోలేదు. కాలినడక వంతెన మీదుగా అవతలి గట్టుకి వెళ్ళిపోయింది. అది పంచాయతీ గట్టు. మా నోటీసు అక్కడ చెల్లదు. కాని అటువైపు ఎండ ఎక్కువ, మనుషుల రాకపోక తక్కువ. వారం రోజులు ఒక్క కర్రా అమ్ముడుపోలేదని తెలిసింది. ఆ వారం నేను సరిగా అన్నం తినలేదు. ఆదివారం నాడు వెళ్ళి కొత్త కర్ర కొనుక్కుని అక్కడే కూర్చున్నాను. వేరే ఏం చెయ్యాలో తోచలేదు.

ఆ తర్వాత జూన్‌లో కాలవలు వదిలారు. పైనుంచి కొత్త నీరు వచ్చి మట్టం రెండు మూరలు పెరిగింది. ఆ ఉదయం మా గట్టున కూర్చున్నది తొమ్మిది మంది. అందరి దారాలూ తమ ప్రమేయం లేకుండానే నీళ్ళలో మునిగాయి. ఏసుపాదం గారు టోపీ సర్దుకుంటుండగా ఒక మట్టగిడస వచ్చి రబ్బరు ఎర్రని ముల్లుతో సహా మింగేసింది. మొన లేని ముల్లు గుచ్చుకోలేదు. రబ్బరు గొంతులో ఇరుక్కుంది. ఆయన లాగితే చేప గట్టు మీద పడింది. జానెడు పైనే ఉంది. ఏసుపాదం గారు నిల్చుని, ముప్పై రెండేళ్ళ అలవాటుకొద్దీ "రైట్, రైట్" అని అరిచారట.

గంటలో మా ఆఫీసంతా తెలిసింది. మధ్యాహ్నానికి విచారణ. చేపని బకెట్లో నీళ్ళు పోసి ఆధారంగా రికార్డు గదిలో పెట్టారు. ఏసుపాదం గారు టోపీ చేత్తో పట్టుకుని ఉపసంఘం ముందు నిలబడ్డారు.

"మీరు చేప పట్టారా?" అని వర్మ గారు అడిగారు.

"లేదండి. నేను టోపీ సర్దుకుంటున్నాను. అదే పట్టుకుంది."

"పట్టుకున్నాక లాగారా, లేదా?"

ఏసుపాదం గారు చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పారు. ఆయన అబద్ధం చెప్పి ఉంటే ఆ రోజుతో అయిపోయేది. "లాగానండి," అన్నారు. "చాలా బావుందండి."

ఆయన ఇక ప్రారంభకుడు కాడని తేలిపోయింది. కర్ర, చక్రం, టోపీ అప్పగించమన్నారు. ఆయన బల్ల మీద పెట్టి, చేప ఇప్పించమని అడిగారు. విచారణ పూర్తయ్యేదాకా కుదరదన్నారు. అప్పటి నుంచీ ఆయన రోజూ పొద్దున్నే ఆఫీసుకి వచ్చి, రికార్డు గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేపకి నాలుగు మెతుకులు వేసి చూసుకుంటూ కూర్చునేవారు. వారం గడిచింది. విచారణ ఇంకా వాయిదా పడుతూనే ఉంది. చేప చిక్కిపోతోందని ఆయన నాతో అన్నప్పుడు నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఆ రోజు భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు బకెట్టు ఆయన చేతికిచ్చి పంపేశాను. ఫైల్లో రాశాను: 'ఆధారము స్వయముగా నిష్క్రమించినది.' మట్టగిడస తేమ ఉంటే నేల మీద కూడా పాకుతుంది కనుక ఎవరూ తప్పుపట్టలేకపోయారు. కమిషనర్ గారు చదివి సంతకం పెట్టారు. మర్నాడు ఏసుపాదం గారు నాకు ఒక టిఫిన్ బాక్సు తెచ్చిచ్చారు. పెళ్ళాం చేసినట్టు కుదరలేదుగాని తినగలరు అన్నారు. మామిడికాయ వేసిన పులుసు. ఇప్పటికీ ఆ ఫైలు ముప్పై ఒకటో పేజీలో ఒక ఎర్రని మరక ఉంటుంది.

ఇక ఉపసంఘం ముందున్న సమస్య పరికరానిది. ఎంపిక చేసిన గాలం చేప పట్టింది. అంటే అది ప్రారంభకులకి పనికిరాదు. డాక్టరు గారి సూచన మీద ముందు ముల్లూ ఎరా తీసేశారు. ముల్లు లేనప్పుడు దారం దేనికని దారం తీసేశారు. దారం లేని కర్రకి చక్రం ఎందుకని చక్రం తీసేశారు. మిగిలింది కర్ర. కార్బన్ కర్ర పొడుగ్గా ఉంటుంది, పైన కరెంటు తీగలున్నాయి, దాని గుండా కరెంటు ప్రవహిస్తుందని వర్మ గారే కనిపెట్టారు. కర్రలు స్టోరులో భద్రపరిచి, లబ్ధిదారులకి ఒక్కొక్కరికీ 'కర్ర నిలువ ఉన్నది' అని ముద్ర వేసిన అట్టముక్క ఇచ్చారు. అట్టముక్క పట్టుకుని గట్టున కూర్చోవచ్చు. అట్ట ధర రూపాయి పావలా. ఇంతకంటే అందుబాటు పరికరం దేశంలో ఎక్కడా లేదని వర్మ గారు నివేదికలో రాశారు. ఆ ఒక్క వాక్యం మీద నాకే సందేహమూ లేదు.

నివేదిక రాజధానికి వెళ్ళింది. నెల తిరిగేసరికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆరు నెలల్లో ఒక్క ప్రమాదం లేదు, ఒక్క గాయం లేదు, నీటి వనరులకి నష్టం సున్నా, లబ్ధిదారుల్లో నూటికి నూరుపాళ్ళూ ఇంకా ప్రారంభక దశలోనే నిలకడగా ఉన్నారు. మధ్యలో చేప పట్టి జారిపోయినవాళ్ళని ఆ లెక్కలోంచి తీసేశారన్నది వేరే విషయం. పథకాన్ని అన్ని చోట్లా అమలు చెయ్యడానికి అనంతపద్మనాభం గారిని ప్రత్యేకాధికారిగా రాజధానికి వేశారు. పూలదండలు, ఫొటోలు అయ్యాయి. అట్టముక్కల నమూనా ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి ఆయనకి బహూకరించారు.

ఆయన వెళ్ళిపోయే ముందు ఆదివారం నేను అవతలి గట్టున ఉన్నాను. అప్పటికి అక్కడ వ్యవహారం బాగానే సాగుతోంది. మా జాబితాలో పేరున్న వాళ్ళే ఎనభై మంది దాకా వంతెన దాటి వచ్చేస్తున్నారు. నూకరత్నం గోనె పైన ఒక టార్పాలిన్ కట్టుకుంది. ఏసుపాదం గారైతే పొద్దున ఆరుకే వచ్చి, కొత్తవాళ్ళకి ముడి వెయ్యడం నేర్పుతున్నారు. ఆయన కాళ్ళు ఊగడం మానేశాయి.

పదిన్నరకి కమిషనర్ గారు ఒక్కరే వంతెన మీద నడిచి వచ్చారు. వెంట అటెండరు లేడు. లుంగీ, తెల్ల బనీను మీద తువ్వాలు. నన్ను చూసి కొంచెం తడబడ్డారుగాని ఆగలేదు. నూకరత్నం ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. నోటీసు మీద సంతకం ఎవరిదో ఆమెకి తెలియదు. ఒక గాలం కావాలని ఆయన అన్నారు. ఎంత పొడుగుండాలని అడిగితే తెలియదన్నారు. ఇదివరకు పట్టారా అని అడిగితే ఒకసారి కూర్చున్నానని చెప్పారు. చెయ్యి చాపమంది. చాపారు. ఆమె మణికట్టు పట్టి చూసి, కట్టలో వెతికి, అన్నిట్లోకీ చిన్న కర్ర తీసి ఇచ్చింది.

ఆయన ఏసుపాదం గారి పక్కన కూర్చున్నారు. ఏసుపాదం గారు జరిగి చోటిచ్చి, ఎర్ర గుచ్చి ఇచ్చారు. అరగంట గడిచింది. కమిషనర్ గారు కదల్లేదు. బెండు ఊగితే లాగలేదు. మునిగింది, లాగారు. అరచేయంత జెల్ల వచ్చింది. దాన్ని దారంతో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖంలో అలాంటి వెలుగు ప్రశంసాపత్రం వచ్చిన రోజు కూడా చూడలేదు. తర్వాత మెల్లగా తల తిప్పి నా వంక చూశారు.

"ఇది ఎక్కడా రాయకండి భద్రం గారూ," అన్నారు.

రాయనన్నాను. ఆయన దాన్ని జాగ్రత్తగా వదిలి, మళ్ళీ దారం వేసి కూర్చున్నారు. మధ్యాహ్నం అయింది, అందరూ భోజనాలకి లేచారు, ఆయన లేవలేదు.

నేను డబ్బులిస్తూ, ఆ కొత్తాయనకి గాలం అబ్బుతుందంటావా అని నూకరత్నాన్ని అడిగాను. ఆమె అటువైపు కాసేపు పరీక్షగా చూసింది.

"అబ్బుద్దండి. ఏ పనీ చెయ్యకుండా అంతసేపు కూకోడం అందరివల్లా అవ్వదు. ఆ బాబుకి ఎక్కడో బాగా అలవాటున్నట్టుంది."